కళాశాల గుమ్మమున గుమాస్తా

లింగంపల్లి దాటి, రామచంద్రాపురమున బీహెచ్‌ఈఎల్ ప్రహరీ వెంట పడమటికి సాగి, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి, సదాశివపేటల మీదుగా జహీరాబాదు చేరు 65వ నంబరు జాతీయ రహదారికిని దాని శాఖలకును అటునిటు ఉన్నన్ని తరహాల ఉన్నత విద్యాసంస్థలు ఒకే త్రోవలో అమరియుండుట తెలంగాణమున అరుదు. రుద్రారమున 2009లో వెలసిన గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణము, 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికముగా ఆరంభమై 2015లో కందికి తరలిన ఐఐటీ, సంగారెడ్డి పట్టణమున తారా ప్రభుత్వ డిగ్రీ కళాశాలయు 2022లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలయు, జోగిపేట త్రోవన సుల్తాన్‌పూరులో 2012 నాటి జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల, సదాశివపేటకు ఆవల కంకోల్‌లో 2020లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి నందిన ప్రైవేటు సంస్థ వోక్సెన్, వీని నడుమ లెక్కకు మిక్కిలిగా జూనియరు, డిగ్రీ, ఫార్మసీ, ఇంజనీరింగు కళాశాలలును ఐటీఐలును ఉన్నవి. ఏటేట మే నెల మొదలు ఆగస్టు తుదివరకు ఈ సంస్థల గుమ్మము త్రొక్కు విద్యార్థియు అతని తల్లిదండ్రులును మొట్టమొదట మాటాడునది ఆచార్యునితో గాదు, ప్రిన్సిపాలుతోను గాదు. అడ్మిషన్ల గదిలో కూర్చుండిన గుమాస్తాతోనో, ఫోనులో పలికిన టెలికాలరుతోనో, వెదకికొనుచు ఇంటికే వచ్చిన పీఆర్వోతోనో. ఆ వ్యక్తికి మనమేమి నేర్పితిమి, ఏమి నేర్పక విడిచితిమి అనునదియే ఇక్కడ పరిశీలింపదలచిన విషయము. నా అభిప్రాయమును ముందే చెప్పుట ఋజుత్వము: ప్రభుత్వము అతనికి కంప్యూటరును నేర్పినది, ప్రైవేటు యాజమాన్యము అమ్మకమును నేర్పినది, సలహా చెప్పు విద్యను మాత్రము ఎవరును నేర్పలేదు.

ఒకప్పుడు ఈ గుమాస్తాకు గొప్ప అధికారముండెడిది. సీటు ఎవరికీయవలెనో నిర్ణయించునది యాజమాన్యమే గనుక, దరఖాస్తు నందుకొనువాని ప్రసన్నతకు సైతము వెల యుండెడిది. విరాళముల పేర సాగిన ఆ వర్తకమును అరికట్టుటకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1983లో ప్రవేశముల క్రమబద్ధీకరణకును క్యాపిటేషన్ ఫీజు నిషేధమునకును శాసనము చేసినది. 1986లో ఎంసెట్ ప్రవేశ పరీక్ష (నేటి ఈఏపీసెట్) మొదలైనది. ర్యాంకుల వరుసను విద్యార్థులను పిలిచి, మిగిలిన సీట్ల పట్టికను వారి యెదుట నుంచి, కోరిన సీటును అక్కడికక్కడే కేటాయించు ఏకగవాక్ష పద్ధతి స్థిరపడినది. సర్వోన్నత న్యాయస్థానము 1992లో మోహినీ జైన్ కేసున క్యాపిటేషన్ ఫీజును నిరసించి, మరుసటి యేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాదిగా నున్న ఉన్నికృష్ణన్ కేసున ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అను విభాగము నేర్పరచి, 2002లో టీఎంఏ పాయ్ కేసున ఆ యేర్పాటును త్రోసిపుచ్చి, 2005లో ఇనాందార్ కేసున ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు కళాశాలల సీట్లను ప్రభుత్వము బలవంతముగా తన కోటాలో చేర్చుకొనరాదని తేల్చినది. ఈ రాకపోకలన్నిటి పిమ్మట నేడు ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో 70 శాతము సీట్లు ర్యాంకుల వరుసను ప్రభుత్వము నింపు కన్వీనరు కోటాకును 30 శాతము యాజమాన్యము భర్తీచేయు బీ కేటగిరీకిని నిలిచినవి. ఎదుటనిలిచి సీటు కోరుకొను పద్ధతి పోయి వెబ్ ఆప్షన్లు వచ్చినవి. డిగ్రీ కళాశాలల విషయమున ఈ మార్పు ఆలస్యముగా, 2016లో, దోస్త్ అను ఆన్‌లైన్ ప్రవేశ విధానముతో వచ్చినది. అంతవరకు ఒరిజినల్ సర్టిఫికెట్లను తీసికొని బీరువాలో నుంచుకొనుటయే పెక్కు ప్రైవేటు డిగ్రీ కళాశాలలకు ప్రవేశ విధానమై యుండెను.

ఈ సంస్కరణములను నేను తక్కువ చేసి చెప్పను. ర్యాంకునకును సీటునకును నడుమనున్న మనిషిని తొలగించుటచేత బీదవాని బిడ్డకు కలిగిన మేలు సామాన్యమైనది కాదు. అయితే యంత్రము తొలగించినది పక్షపాతమునే గాని సందేహమును గాదు. నిర్ణయభారమును కళాశాల మీదినుండి దింపి కుటుంబము నెత్తిన పెట్టినాము. ఏ కళాశాలను ముందు వ్రాయవలెను, ఏ బ్రాంచిని వెనుక వ్రాయవలెను, మొదటి విడతలో వచ్చిన సీటును నిలుపుకొని రెండవ విడతకు పోవచ్చునా, సెల్ఫ్ రిపోర్టింగ్ చేయక గడువు దాటినచో ఏమగును అను ప్రశ్నములకు ఉత్తరములు వెబ్‌సైటున నున్నవి; అవి చదివి బోధపరచుకొనగల తండ్రి యున్న యింటికి గుమాస్తాతో పనిలేదు. పాశమైలారమున రాత్రి షిఫ్టు చేయు తండ్రి సంగతి వేరు. దోస్త్ నమోదుకు ఆధారుతో జతపరచిన మొబైలు నంబరు కావలెను. ఆ నంబరు తండ్రిది. ద్రావకములు నిల్వయుండు యూనిట్లలోనికి సెల్‌ఫోను తీసికొనిపోరాదు గనుక ఆ ఫోను ఫ్యాక్టరీ గేటు వద్ద నుండును. కుమార్తె మీసేవ కేంద్రమున కూర్చుండి ఓటీపీ కొరకు ఎదురుచూచుచుండును. ఇట్టి చిక్కును ఏ సాఫ్ట్‌వేరును ముందుగా ఊహింపలేదు. హెల్ప్‌లైన్ కేంద్రమున నున్న వ్యక్తి ఊహింపగలడు, అతనికి ఈ ప్రాంతపు జీవనము తెలిసినయెడల.

ఈ ప్రాంతపు జీవనము తెలియుట యనగా ఏమి? రామచంద్రాపురమున బీహెచ్‌ఈఎల్ 1960వ దశకమున వచ్చినది. పటాన్‌చెరులో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో నెలకొన్నది. ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము 1984లో వచ్చినది. భానూరున రక్షణరంగ సంస్థ బీడీఎల్ వెలసినది. వీని చుట్టును పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలలో రసాయన, ఔషధ పరిశ్రమలు కిక్కిరిసినవి. తొలితరమువారు కాలనీలలో స్థిరపడి పిల్లలను ఇంజనీర్లను చేసికొన్నారు. పిదప వచ్చినవారు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండులనుండి ఠేకాదారుల వెంట వచ్చి, ఇస్నాపూర్ మొదలగు చోట్ల వరుస గదులలో కాపురముండి, పిల్లలను దగ్గరి బడిలో చేర్పించినవారు. జహీరాబాదు, నారాయణఖేడ్‌ల వైపు సాగినకొలది కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వినవచ్చును. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లానుండి ఏర్పడిన ఈ సంగారెడ్డి జిల్లాలో అడ్మిషన్ల గదిలో కూర్చుండువానికి తెలుగును ఇంగ్లీషును మాత్రమే వచ్చునన్నచో, అతనికి సగము పనియే వచ్చునని యర్థము.

భాషకన్న కఠినమైనది స్థానికతా నిబంధన. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి 85 శాతము సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ స్థానిక ప్రాంతమున చదివినవాడు స్థానికుడగుట ఆ ఉత్తర్వునందలి ప్రధాన సూత్రము. ఒడిశానుండి వచ్చిన కార్మికుని కుమార్తె ఇస్నాపూర్ బడిలో తొమ్మిదవ తరగతినుండి చదివి ఇంటరు ముగించినచో, ఆమె పుట్టిన ఊరేదైనను, మాతృభాష యేదైనను, స్థానికురాలే. అదే బాలిక పదవ తరగతిలో వచ్చి చేరినచో ఆ సూత్రము క్రిందికి రాదు. అప్పుడు తల్లిదండ్రులలో నొకరు రాష్ట్రమున మొత్తము పదేండ్లు నివసించియుండిరా యని విచారించి, మిగిలిన 15 శాతపు సీట్లకు అర్హత చూడవలసియుండును. బీడీఎల్‌లోనో ఆయుధ కర్మాగారములోనో ఉద్యోగించువాని బిడ్డకు ఆ 15 శాతమున తండ్రి ఉద్యోగమే ఆధారము కావచ్చును. ప్రక్కవీధి ఠేకా కార్మికుని బిడ్డకు ఆ ఆధారము లేదు, నివాస ధ్రువపత్రము కావలెను. ఈ భేదములు తెలిసినవాడు మూడు ప్రశ్నలడిగి, తేవలసిన కాగితమేదియో చెప్పి పంపును. తెలియనివాడు ముఖము చూచి, మాట విని, ‘మీరు నాన్‌లోకల్’ అని పంపివేయును. ఆ మాటతో ఒక ఏడు, ఒక్కొక్కప్పుడు చదువే, ముగియును. వైద్యవిద్యలో ఈ స్థానికతా వివాదము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి 2025లో గాని తేలలేదన్నచో, గుమాస్తాను మాత్రము స్వయముగా తెలిసికొనుమనుట న్యాయమా?

స్థానికత ఒక్కటియే గాదు. బోధనరుసుము తిరిగి చెల్లింపునకు వెనుకబడిన వర్గములవారి ఆదాయపరిమితి గ్రామమున లక్షన్నర, పట్టణమున రెండు లక్షలు. ఈ ప్రాంతమున నిన్నటి గ్రామపంచాయతి నేడు మునిసిపాలిటీ యగుచుండుటచే, ఏ చిరునామాకు ఏ పరిమితి వర్తించునో చెప్పవలసినవాడు పటము మార్పులను గమనించుచుండవలెను. 2025 ఏప్రిల్ 14నుండి తెలంగాణలో 59 షెడ్యూల్డు కులములు మూడు వర్గములై, వారి 15 శాతము రిజర్వేషను 1, 9, 5 శాతములుగా విభజింపబడినది. నిరుటి సర్టిఫికెట్ చేతబట్టుకొని వచ్చినవానికి వర్గము చూపు పత్రము ఏల కావలెనో ఓపికతో చెప్పవలసిన బాధ్యత మొదట పడినది ఈ గదిమీదనే. ఆర్థికముగా వెనుకబడినవారి పదిశాతపు కోటాకు ఏటేట క్రొత్త పత్రము. దివ్యాంగుల హక్కుల చట్టము 2016 ననుసరించి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక ఉన్నత విద్యాసంస్థలలో ఐదు శాతము సీట్లును, గరిష్ఠ వయస్సులో ఐదేండ్ల సడలింపును ఉన్నవని తెలిసినవారు ఎందరు? చిన్న చిక్కులకును కొదువ లేదు: ఈ జిల్లాలో సుల్తాన్‌పూరులు రెండు, జేఎన్‌టీయూ కళాశాల యున్నది జోగిపేట వైపు, వైద్యపరికరముల పార్కు ఉన్నది అమీన్‌పూర్ మండలమున, రింగురోడ్డు చెంత. నివాసమునకు దగ్గరయని తలచి ఆప్షను పెట్టిన బాలుడు రిపోర్టింగు నాడు బస్సులో తెలిసికొనినచో తప్పెవరిది?

మరి, ఇంత తెలియవలసిన వ్యక్తికి లభించుచున్న శిక్షణ మెట్టిదో చూతము. 1986 జాతీయ విద్యావిధానము పిమ్మట 1987నుండి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కళాశాలలను నెలకొల్పి అధ్యాపకులకు ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు నడిపినది. ఆ సంస్థలు మానవవనరుల వికాస కేంద్రములై, 2023లో మాలవీయ మిషన్ కేంద్రములై, పేర్లు మార్చుకొన్నను, వాని దృష్టి ప్రధానముగా బోధించువారి మీదనే నిలిచినది. ప్రవేశముల గదిలోని వ్యక్తి ఆ దృష్టిలో పడలేదు. దోస్త్‌కును ఎంసెట్ కౌన్సెలింగునకును హెల్ప్‌లైన్ కేంద్రములు నడపువారికి ఏటేట సూచనలిచ్చుచున్న మాట నిజమే. కాని ఆ సూచనలు ఏ మీట నొక్కవలెను, ఏ పత్రమును ఎట్లు అప్‌లోడ్ చేయవలెను, ఏ తేదీకి ఏ విడత ముగియును అను పరిధిని దాటవు. ఎదుట కూర్చుండిన పదునెనిమిదేండ్ల బాలిక బీకాం కోరుటకు కారణము స్నేహితురాలా, అభిరుచియా, భయమా అని తెలిసికొను నేర్పు ఆ సూచనలలో నుండదు. ప్రభుత్వ కళాశాలలలో ఈ బాధ్యతను పెక్కుచోట్ల అధ్యాపకులే వంతులవారీగా మోయుచున్నారు. వారిలో శ్రద్ధగలవారు స్వయంకృషిచే ఘనులైనారు, వారు బదిలీయైన నాడు ఆ విద్యయు వారితోనే బదిలీ యగును.

ప్రైవేటు రంగమున శిక్షణము లేదనుటకు వీలులేదు. ఉన్నది, పుష్కలముగా ఉన్నది, అయితే అది వేరొక విద్య. వేసవి వచ్చుసరికి అధ్యాపకులకు సైతము ‘టార్గెట్’ పెట్టుట, ఇన్ని అడ్మిషన్లు తేనిదే జీతము రాదనుట, పదవ తరగతి పిల్లల ఫోను నంబర్ల జాబితాలను సంపాదించి టెలికాలర్ల చేతికిచ్చుట, పీఆర్వోలను ఇంటింటికి పంపుట తెలుగునాట అందరెరిగినవే. ఏ సంస్థ పేరును ఇక్కడ చెప్పబూనుకొనను, చెప్పవలసిన యవసరమును లేదు. ఆ శిక్షణమున విద్యార్థి ‘లీడ్’, తల్లిదండ్రుల సందేహము ‘అభ్యంతరము’, చేరుట ‘కన్వర్షన్’. రసాయనశాస్త్రము చదివి, ఎంపీసీలో చేరబోవు బాలునికి పాఠము చెప్పవలసిన ఉపన్యాసకుడు మే నెల యెండలో కాలనీల వెంట తిరిగి అతనిని బ్రతిమాలుచుండుట విద్యకు అవమానమని నేననుకొందును. వ్యయదృష్టితో చూచినను అది బుద్ధితక్కువ పని. బ్రతిమాలి తెచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టరు తిరుగకమునుపే మానివేయుట ఆ కళాశాలల హాజరుపట్టీలు చూచినవారికి తెలియును.

చట్టము సైతము ఇపుడు ఈ మార్గమున అడ్డునిలుచుచున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని కోరుచున్నది. పదవ తరగతి పిల్లల నంబర్ల జాబితాలు చేతులు మారు వ్యాపారము దాని యెదుట ఎట్లు నిలుచునో ఆ టెలికాలరుకు ఎవరైన చెప్పిరా? కోచింగు సంస్థల మోసపు ప్రకటనలపై 2024 నవంబరున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకములు వెలువరించినది. యూజీసీ 2023 నాటి విద్యార్థి ఫిర్యాదుల నిబంధనలు, ప్రవేశములు మొదలగుటకు కనీసము 60 దినములకు ముందే సీట్లు, ఫీజులు, అర్హతలు, అధ్యాపకుల వివరములతో ప్రాస్పెక్టస్‌ను ప్రకటింపవలెనని శాసించుచున్నవి. అందు వ్రాసినదానికి విరుద్ధముగా ఫోనులో చెప్పిన ప్రతి మాటయు రేపటి ఫిర్యాదు కాగలదు. నేను చూచినంతవరకు ప్రాస్పెక్టస్‌ను ఆసాంతము చదివిన అడ్మిషన్ల ఉద్యోగి బహు తక్కువగా కనబడును.

ఇతర దేశములలో ఈ పని ఒక వృత్తిగా ఎదిగిన తీరు గమనింపదగినది. అమెరికాలో కళాశాల రిజిస్ట్రార్ల, ప్రవేశోద్యోగుల సంఘము 1910లోనే పుట్టినది. ప్రవేశ సలహాదారుల జాతీయ సంఘము 1937లో ఏర్పడి తన సభ్యులకు ఆచరణ నియమావళిని నిర్మించుకొన్నది. ఉద్యోగి తెచ్చిన విద్యార్థుల లెక్కనుబట్టి అతనికి కమీషను చెల్లింపరాదని ఆ దేశము 1992లో, సమాఖ్య ఆర్థిక సహాయమందు కళాశాలల విషయమున, చట్టమున చేర్చినది. బ్రిటనులో 2004లో ష్వార్జ్ సంఘము న్యాయమైన ప్రవేశములపై నివేదిక నిచ్చుచు, పారదర్శకతతోపాటు ప్రవేశోద్యోగుల వృత్తినైపుణ్యమును సైతము మూలసూత్రములలో నొకటిగా నిలిపినది. దాని ఫలితముగా 2006లో ఆ వృత్తిని తీర్చిదిద్దుటకే ప్రత్యేకముగా ఒక కార్యక్రమము నెలకొన్నది. మనము వారి పద్ధతుల ననుకరింపనక్కరలేదు. వారి ప్రవేశోద్యోగి విద్యార్థిని ఎన్నుకొనును. మన కన్వీనరు కోటాలో ఎన్నుకొనునది ర్యాంకు. అందుచేత దరఖాస్తులను తూచు కళ మనకు అంతగా అక్కరకు రాదు. అక్కరకు వచ్చునది ఆ 1992 నాటి నిషేధము వెనుకనున్న వివేకము: సలహా చెప్పువాని జీతము వినువాని నిర్ణయము మీద ఆధారపడరాదు.

ఈ వివేకము లోపించినచో ఏమగునో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసమని తేలినపుడు దాని విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఆంధ్రప్రదేశ్‌వారే ఎక్కువ. కొందరి కాళ్లకు నిఘా పరికరములు తగిలింపబడిన వార్త మన యిండ్లలో కలిగించిన కలవరము ఇంకను మరవరానిది. 2019 జనవరిలో మిచిగనులో ఫార్మింగ్‌టన్ అను విశ్వవిద్యాలయము అమెరికా ప్రభుత్వాధికారులే పన్నిన వలయని బయటపడి, మొదటి దాడులలో సుమారు 130 మంది విద్యార్థులు నిర్బంధితులైరి, వారిలో తెలుగువారు పెక్కురు. తలకింత అని డబ్బు తీసికొని విద్యార్థులను చేర్చిరను అభియోగముపై పట్టుబడిన ఎనిమిదిమందియు మనవారే. ఇంటిముంగిట తలలెక్క కమీషనునకు అలవాటుపడిన సమాజము, సముద్రముల కావల దానినే నమ్మినది.

ఇక నేర్పవలసినదేమి? మొదటిది లెక్క. ఇది చాల సాధారణముగా కనబడును గాని, ఈ గదిలో జరుగు మాటలలో సగము దీనిమీదనే. బీసీ విద్యార్థికి ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చినచో బోధనరుసుమంతయు, ఆపైని వచ్చినచో 35,000 రూపాయల వరకును ప్రభుత్వము తిరిగి చెల్లించును. కళాశాల ఫీజు అంతకు మించినచో ఆ మించినది ఇంటివారిది. దానికితోడు స్పెషల్ ఫీజు, విశ్వవిద్యాలయపు రుసుములు, పరీక్ష ఫీజు, బస్సు, హాస్టలు. ‘రీయింబర్స్‌మెంట్ వచ్చును, మీరేమియు కట్టనక్కరలేదు’ అను ఒక్క వాక్యము ఎన్ని కుటుంబములను నాలుగవ యేట కళాశాల కార్యాలయపు మెట్లమీద కూర్చుండబెట్టినదో! ప్రభుత్వము బకాయి పడినపుడు కళాశాల మొదట మిమ్ము కట్టుమనవచ్చునని, కోర్సు ముగిసిన పిదప సర్టిఫికెట్లు ఆపవచ్చునని, అట్లు ఆపుట తగదనియు ముందే చెప్పు గుమాస్తా యాజమాన్యమునకు శత్రువుగా కనబడును. నా దృష్టిలో అతడే దాని హితుడు. నాలుగేండ్ల మొత్తపు ఖర్చును ఒక కాగితముపై తెలుగులోను హిందీలోను వ్రాసి, చదివి వినిపించి, చేతికిచ్చుట శిక్షణమునందు మొదటి అభ్యాసము కావలెను. మానివేసినచో ఎంత తిరిగి వచ్చునో సైతము ఆ కాగితముమీద నుండవలెను: 2018 అక్టోబరు నాటి యూజీసీ ప్రకటన ననుసరించి, ప్రవేశముల తుదిగడువునకు పదునైదు దినములు ముందుగా తప్పుకొన్నవానికి ఐదు శాతమునకును 5,000 రూపాయలకును మించని కోతతో ఫీజంతయు తిరిగి ఈయవలెను, ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాల తనవద్ద నుంచుకొనరాదు.

రెండవది ఫ్యాక్టరీ. పటాన్‌చెరు ప్రాంతమున బీఎస్సీ కెమిస్ట్రీ చేరదలచిన బాలుని తండ్రి అడుగు ప్రశ్న కలాం, సీవీ రామన్‌ల గురించి కాదు. ‘ఈ డిగ్రీతో ఫార్మా కంపెనీలో క్యూసీ ల్యాబులో ఉద్యోగము వచ్చునా, ప్రొడక్షనులో వేయుదురా?’ అని. 2025 జూన్ 30న పాశమైలారమున సిగాచి కర్మాగారమున జరిగిన ప్రేలుడు సరిగా ప్రవేశముల కాలముననే సంభవించినది; ఆ యేడు ఆ ప్రశ్న మరింత బరువుతో వచ్చియుండును. దానికి బ్రోషరులోని ‘వంద శాతము ప్లేస్‌మెంట్’ ఉత్తరము కాదు. గత మూడేండ్లలో తమ కళాశాలనుండి ఎందరు ఏ పరిశ్రమలో, ఏ విభాగమున, ఏ జీతముపై చేరిరో చెప్పగల జాబితా గుమాస్తా బల్లమీద నుండవలెను; ఆ జాబితా చిన్నదైనచో చిన్నదిగానే చూపవలెను. ప్రవేశోద్యోగులను సంవత్సరమున కొకమారు పారిశ్రామికవాడకు తీసికొనిపోయి, అక్కడి హెచ్‌ఆర్ అధికారులతోను, అంతకన్న ముఖ్యముగా పూర్వవిద్యార్థులతోను మాటాడించుట ఇక్కడ సులభసాధ్యము. కళాశాలకును కర్మాగారమునకును నడుమ ఆటో దూరమే. అప్రెంటిస్ చట్టము 1961 నుండి ఉన్నది. 2024లో టాటా టెక్నాలజీస్ తోడ్పాటుతో రాష్ట్రమున 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చు ప్రణాళిక మొదలైనది. చేతిపనియందు మనసున్న బాలునికి ఆ మార్గము చూపు డిగ్రీ కళాశాల గుమాస్తాను నేనింకను చూడవలసియున్నది.

ఇక్కడనే శిక్షణమున అన్నిటికన్న కష్టమైన పాఠము వచ్చును: ‘మీకు మా కళాశాల తగదు’ అని చెప్పుట. రాత్రి షిఫ్టులో పనిచేయుచు డిగ్రీ కోరు యువకుడు ఈ ప్రాంతమున ప్రతి కళాశాలకును వచ్చును. రెగ్యులరు డిగ్రీలో చేర్చుకొన్నచో 75 శాతము హాజరు లేక ఉపకారవేతనము పోవును, అతడు మధ్యలో మానును, సీటు మాత్రము నిండినట్లు లెక్కలో నుండును. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా పుట్టి, 1991లో అంబేడ్కర్ పేరు దాల్చిన విశ్వవిద్యాలయము ఆదివారపు తరగతులతో సరిగా ఇట్టివారి కొరకే ఉన్నది. అతనిని అక్కడికి పంపినవాడు ఒక అడ్మిషను పోగొట్టుకొనును. లెక్కల పుస్తకమున ఆ నష్టమునకు గడి యున్నది గాని, ఆ సలహాకు గడి లేదు. ఉద్యోగి పనితనమును చేర్చినవారి సంఖ్యచే గాక, చేరినవారిలో రెండవ సంవత్సరమునకు మిగిలినవారి సంఖ్యచే కొలుచునంతవరకు ఏ శిక్షణ తరగతియు ఈ పాఠమును నిలుపలేదు. ఈ కొలత మార్చుటకు ప్రభుత్వము అనుమతియు అక్కరలేదు, నిధులును అక్కరలేదు.

ఆడపిల్లల విషయమున ఒక మాట. నారాయణఖేడ్, జోగిపేట, ఝరాసంగం వైపుల తల్లిదండ్రులు కోర్సు కన్న ముందు త్రోవను గూర్చి అడుగుదురు. 2023 డిసెంబరు 9నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించుటచే, ఇంటినుండి వచ్చిపోయి చదువుకొను వృత్తము విశాలమైనది; కాని ఆఖరి తరగతి ముగియు వేళకును ఆఖరి బస్సు వేళకును పొత్తు కుదురునా అను సంగతి బస్‌స్టేషనులో తెలిసినంత అడ్మిషన్ల గదిలో తెలియదు. ఆ వేళల పట్టిక గోడకు తగిలించినచో, కొన్ని చోట్ల అది రంగుల బ్రోషరు కన్న ఎక్కువమందిని చేర్చును.

ఐఐటీ గూర్చి ఏమియు చెప్పలేదేమని ప్రశ్నింపవచ్చును. కందిలోని ఆ సంస్థలో బీటెక్ ప్రవేశము దేశమంతటికి నొకటియైన జోసా ద్వారమున జరుగును. ఆ ద్వారమున గుమాస్తా కనబడడు, కనబడ నవసరమును లేదు, అక్కడికి చేరువాడు అప్పటికే పదిమంది సలహాలు కొనుక్కొని వచ్చినవాడు. సలహా కొనలేనివాడు వచ్చునది ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు. శిక్షణకు ఖర్చుపెట్టదలచిన చేయి మొదట అటు చాచవలెను.

యాజమాన్యముల ఆక్షేపణములు రెండు వినవచ్చును. అడ్మిషన్ల గదిలోనివారు తాత్కాలికోద్యోగులు, నేర్పినవెంటనే వేరొక కళాశాలకు పోవుదురు అనునది మొదటిది. పోనిండు, పోయినచోటను ఆ తండ్రులే వత్తురు, ఆ బిడ్డలే వత్తురు, జిల్లా మొత్తమునకు ఆ నేర్పు దక్కును. అందువలననే దీనిని ఒక్కొక్క కళాశాల విడివిడిగా గాక, జిల్లాకు ఉమ్మడిగా, ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులను ఒకే బల్లమీద కూర్చుండబెట్టి నడపుట మేలు. మీసేవ నిర్వాహకులను, తహశీలు కార్యాలయపు ఉద్యోగిని, ఒక పరిశ్రమ ప్రతినిధిని, నిరుడు చేరిన విద్యార్థులను కొందరిని పిలిచి మాటాడించినచో, బయటినుండి వక్తలను తేనక్కరలేదు. రెండవ ఆక్షేపణ డబ్బు. వేసవిలో ముత్తంగి మొదలు సదాశివపేట వరకు కూడలి కూడలిని నిలుచు ఫ్లెక్సీల ఖర్చు నెరిగినవారు ఈ ఆక్షేపణను గట్టిగా చెప్పలేరు.

ఒక్క చిక్కు మాత్రము నిజమైనది, అది కాలము. ఇంటరు ఫలితములు ఏప్రిల్‌లో వచ్చును, దోస్త్ ప్రకటన వానివెంటనే వచ్చును. మార్చి మాసమంతయు ఈ ఉద్యోగులే పరీక్షల విధులలో నుందురు. కావున తరగతులు ఫిబ్రవరి తుదికి ముగియవలెను, అప్పటికి ఆ సంవత్సరపు నిబంధనలు, గడువులు ప్రభుత్వము ప్రకటించియుండదు. ఉన్నత విద్యామండలి కనీసము ధ్రువపత్రముల జాబితాను, స్థానికతా నిబంధనను జనవరిలోనే ఖరారుచేసి తెలుగు, ఉర్దూ, హిందీలలో వెలువరించినచో, మిగిలిన తేదీలను మే నెలలో ఒక పూట కూర్చుండి చెప్పుకొనవచ్చును.